పెళ్ళి వాకబుకొచ్చిన ఇన్‌కంట్యాక్సు

అమలాపురంలో ప్లీడరుగారికి ఇల్లూ ఆఫీసూ రెండూ ఒక్క మేడ మీదే. ఆ వేళ మెట్లెక్కి ముందు సెంటు వాసన వచ్చింది. దాని వెనకాల నల్లకళ్ళద్దాలు వచ్చాయి. వాటి వెనకాల మా అంజిబాబు వచ్చాడు.

కువైట్ సెంటు అది. ఒక్క చుక్క రాసుకుని రాజోల్లో బస్సెక్కితే రావులపాలెంలో జనం తుమ్ముతారు. అంజిబాబు ఆ వేళ సగం సీసా ఒంపుకున్నాడు.

బల్ల వెనకాల కూర్చున్న అమ్మాయి తుమ్మింది. మళ్ళీ తుమ్మింది. ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుని, "ఏమండీ, కేసు మీదా, సెంటుదా?" అంది.

ఆ అమ్మాయి పేరు కామాక్షి. లా చదివి ప్లీడరుగారి దగ్గర జూనియరుగా చేరింది. ప్లీడరుగారికి పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయాక ట్యాక్సు కేసులన్నీ తనే చూస్తోంది.

"నాదేనండి. ఆయిల్ కంపెనీ అంజిబాబు అంటే రాజోలంతా చెప్తారండి."

"రాజోలంతా చెప్పబట్టే కేసయిందండి. కూర్చోండి."

కూర్చున్నాడు. కళ్ళద్దాలు మాత్రం తియ్యలేదు.

సంగతేమిటంటే, అంజిబాబు నాలుగేళ్ళు కువైట్‌లో ఉండి వచ్చి మా ఊళ్ళో మేడ కట్టాడు. ఆ డబ్బెక్కడిదని ఇన్‌కంట్యాక్సు వాళ్ళు నోటీసిచ్చారు. జీతమన్నాడు. రుజువేదన్నారు. జీతమంతా చేతికే ఇచ్చారు, సెలవుకి ఊరొచ్చేవాళ్ళ చేతికే ఇచ్చి అమ్మకి పంపించాను అన్నాడు. వాళ్ళు నమ్మలేదు. ఇది జీతం కాదు, వ్యాపారం మీద దాచిన సొమ్ము అని, ఇంటి ఖరీదంతకీ పన్ను, దాని మీద పెనాల్టీ వేశారు. రాజమండ్రిలో అప్పీలు పడింది. దాన్ని అప్పీలు ఆఫీసంటారు గానీ మా ఊళ్ళో అందరం ట్యాక్సు కోర్టనే అనేవాళ్ళం.

"కువైట్‌లో ఏం పని చేసేవారు?" అడిగింది కామాక్షి.

"సూపర్‌వైజర్నండి. నేను చెయ్యెత్తితే బావిలోంచి ఆయిల్ పైకొచ్చేదండి. దించితే దిగిపోయేది. ఓసారి దోమ కుట్టి చెయ్యి విదిలించేను. పక్క దేశంలో ఆయిల్ వాన కురిసిందండి."

టక్!

అంజిబాబు ఉలిక్కిపడ్డాడు. కామాక్షి చేతిలో బస్సు కండక్టర్లు టికెట్లకి చిల్లులు కొట్టే మిషను ఉంది.

"ఏంటండి అది?"

"మా నాన్నగారిదండి. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యేరు. టికెట్టు తీసుకున్నానని బొంకేవాళ్ళని కళ్ళల్లోకి చూసి పట్టేసేవారు. నేను దీంతో ఫైళ్ళకి చిల్లులు కొట్టుకుంటాను. ఎవరైనా అబద్ధం చెప్తే గాలికి కొడతాను."

"నేను చెప్పింది..."

టక్!

"ఇంకా ఏం చెప్పలేదు గదండీ!"

"చెప్పబోయేరు." ఆ పిల్ల ఫైలు తెరిచింది. "చూడండి. మీ పాస్‌పోర్టులో ఉన్నది ఇంటిపని వీసా. మీరేమో ఆయిల్ కంపెనీ అంటారు. మీ ఊరేమో పదెకరాల కొబ్బరి తోటా, రెండు లారీలూ అంటోంది. మూడింట్లో ఏది నమ్మాలి? అప్పీలు పోతే మీ ఇల్లు వేలానికొస్తుంది. అప్పుడు మీ అమ్మగారెక్కడుంటారు?"

అంజిబాబు కళ్ళద్దాలు తీశాడు. వాటి వెనకాల అంత భయముందని మాకెవరికీ తెలీదు.

"లారీలు నావి కాదండి," అన్నాడు మెల్లిగా. "మా ఊరోళ్ళు పుట్టించేరు."

అది నిజం. రెండో లారీ పుట్టించింది నేనే.

మా ఊళ్ళో ఒక పద్ధతుంది. ఉతికిన చొక్కా, చేతిసంచీ, గొడుగూ ఉన్న కొత్తమనిషి వీరలక్ష్మి టీ బడ్డీ దగ్గర కూర్చుని, "ఫలానా అబ్బాయి ఎలాంటివాడండీ? ఏమాత్రం ఉందండీ?" అనడిగాడా, అతను ఆడపిల్ల తరఫువాడు. పెళ్ళి వాకబు. అప్పుడు ఊరి పిల్లాడి పరువు ఊరిది. తలో చెయ్యీ వేస్తాం.

ఆ రోజొచ్చిన మనిషి సరిగ్గా అలాగే అడిగాడు.

"అంజిబాబాండి? బంగారమండీ!" అంది వీరలక్ష్మి టీ తిరగబోస్తూ. "పదెకరాల తోటండి. ఆయ్! మా ఊరి గెలలు మోయలేక చెట్లు పక్కకి వంగుతాయి గానీ, వాళ్ళ తోటలో నేలే కిందకి దిగిపోయిందండి."

"అంబాజీపేట నుంచి కొబ్బరికాయలేసుకుని లారీ తిరుగుతుందండి," అన్నాడు మోషే. అతనూ కువైట్ వెళ్ళొచ్చినవాడే.

"ఒకటా?" అన్నాను నేను. "రెండోది మర్చిపోయేవేంటి?"

"ఎవరి పేరున ఉన్నాయండీ?" అని ఆ మనిషి అడిగి రాసుకున్నాడు.

"ఇంకెవరి పేరునండి? అబ్బాయి పేరునే! పంచుకోడానికి అన్నదమ్ముల్లేరు!"

ఎంత జాగ్రత్తగల మావగారో అని ముచ్చటపడ్డాం. టీ డబ్బులు కూడా తీసుకోలేదు. ఇంతలో అంజిబాబు అటు వచ్చి, సంగతి గ్రహించి, జుట్టు సవరించుకుని, "దిండిలో హౌస్‌బోటు కూడా కొందామనుకుంటున్నానండి," అన్నాడు. ఆ మనిషి తృప్తిగా నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

శుభలేఖ వస్తుందని చూశాం. నోటీసు వచ్చింది. అతను ఇన్‌కంట్యాక్సు ఇన్‌స్పెక్టరు.

ఇదంతా విన్న కామాక్షి నవ్వు ఆపుకుందామని చూసింది. పెదాలు బిగించింది. కిటికీ వైపు తిరిగింది. లాభం లేకపోయింది. ఆ నవ్వుకి బల్ల మీద కాగితాలెగిరాయని అంజిబాబు చెప్తాడు. ఫ్యాను గాలికి కూడా అయ్యుండొచ్చు.

"సరే. ఆ అబద్ధాన్ని విప్పుకోవచ్చు," అంది కళ్ళు తుడుచుకుని. "నాకు మీ నిజం కావాలి. ఏం పని చేసేరు? దానికి సాక్షులెవరు?"

"సూపర్‌వైజర్నేనండి."

టక్!

ఆ తర్వాత అంజిబాబు అమలాపురం వెళ్ళని వారం లేదు. ఓసారి బొండాలు, ఓసారి పూతరేకులు, ఓసారి ఊరికే. ఎప్పుడెళ్ళినా ఒక కొత్త కథ. వాళ్ళ తాత గోదాట్లో తిమింగలాన్ని పలుపుతాడుతో కట్టి ఇంటికి తోలుకొచ్చాడట. వాళ్ళ గేదె పాలు తాగిన పిల్లి ఇంగ్లీషు మాట్లాడిందట. టక్, టక్, టక్.

"మీ మాటల్లో ఒక్కటైనా నిజముంటుందా అండి?" అంది ఓనాడు.

"ఒకటుందండి. కేసు తేలేక చెప్తాను."

కామాక్షి మిషను ఎత్తింది. అతని మొహం చూసింది. ఎందుకో కొట్టలేదు.

శ్రావణమాసంలో ఒకరోజు వాన పట్టుకుంది. చినుక్కో బిందె నిండుతోంది. అమలాపురంలో కప్పలు కూడా తడవలేక అరుగులెక్కాయి. ఆ వానలో గుమస్తా రాలేదు. అంజిబాబు మాత్రం వచ్చాడు. తడిసి సెంటంతా కొట్టుకుపోయింది.

లోపల గదిలో చక్రాల కుర్చీలోంచి ప్లీడరుగారు కిందకి జారిపోతున్నారు. కామాక్షి ఆయన చెయ్యి పట్టుకుని పైకి లాగుతోంది. ఆయన బాధతో మూలుగుతున్నారు.

"చెయ్యి లాగకండి! భుజం జారిపోద్ది!" అంజిబాబు కళ్ళద్దాలు ఎక్కడో పడేసి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పెద్దాయన గడ్డం తన భుజం మీద పెట్టుకున్నాడు. చేతులు ఆయన చంకల కిందుగా వెనక్కి పోనిచ్చాడు. తన మోకాళ్ళు ఆయన మోకాళ్ళకి ఆన్చాడు.

"యల్లా, బాబా," అన్నాడు చెవిలో, లేద్దాం పదండన్నట్టు.

అంతే. నిద్రపోతున్న పిల్లాణ్ణి ఉయ్యాల మార్చినట్టు ఆయన లేచి కుర్చీలో కూర్చున్నారు. పడిపోయిన చేతి కింద తువ్వాలు మడిచి పెట్టాడు. మూతి తుడిచాడు.

ప్లీడరుగారు ఊపిరి తీసుకుని, నత్తినత్తిగా, "ఏడాది నుంచి అందరూ నన్ను బస్తాలా లేపుతున్నారయ్యా. మనిషిలా లేపినవాడివి నువ్వే," అన్నారు.

కామాక్షి బల్ల మీది మిషను అందుకుని అతన్ని వరండాలోకి తీసుకొచ్చింది. "ఆయిల్ కంపెనీలో ఇది నేర్పుతారా అండి?"

అంజిబాబు తడిసిన చొక్కా అంచు పిండుకున్నాడు.

"బాబా జాసిం అనేవాళ్ళండి," అన్నాడు చివరికి. "పెద్దాయన. ఒళ్ళంతా పడిపోయింది. మాట కూడా లేదు. నాలుగేళ్ళు నేనే చూసుకున్నానండి. నీళ్ళు పోయడం, గడ్డం గియ్యడం, పక్కగుడ్డలు మార్చడం... అన్నీ. ఇంకొకళ్ళు పెడితే ముద్ద మింగేవారు కాదు. అందుకే వెళ్ళిపోతానేమోనని కొడుకులు ఏటేటా జీతం పెంచేరండి."

కామాక్షి లోపలి గది తలుపు దగ్గరగా వేసింది.

"పొద్దుపోక ఆయనకి కథలు చెప్పేవాడినండి. తెలుగులోనే. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. కానీ నా మొహం చూసి ఆయన నోరు ఓ పక్కకి నవ్వేది. ఇంకాస్త నవ్వుతారని ఇంకాస్త పెద్దది చెప్పేవాడిని. అలా అలవాటైపోయిందండి. ఆయన పోయేక వచ్చేశాను. అలవాటు మాత్రం నాతో వచ్చేసింది."

"మరి ఊళ్ళో ఈ మాట ఎందుకు చెప్పలేదు?"

"ఎవరికో ముడ్డి కడిగొచ్చేడంటే మా అమ్మని ఏమంటారండి? నాకు పిల్లనెవరిస్తారు?"

కామాక్షి చేతిలో మిషను ఉంది. దాన్ని మెల్లిగా కిటికీ గట్టు మీద పెట్టేసింది.

"వాన తగ్గేదాకా కూర్చోండి," అంది.

వాన అప్పటికే తగ్గిపోయింది. అది ఇద్దరికీ తెలుసు.

నిజం దొరికింది. ఇక సాక్షులు కావాలి. అక్కడ ఇంకో ముడి ఉంది. కువైట్ వెళ్ళొచ్చినవాళ్ళలో ఒక ఒప్పందం ఉంటుంది. నీ పని సంగతి నేను చెప్పను, నా పని సంగతి నువ్వు చెప్పకు. అంజిబాబు జీతం డబ్బు ఎక్కువసార్లు తెచ్చింది మోషే. అతను వెళ్ళి సాక్ష్యం చెప్తే, నువ్వేం చేసేవాడివని అతన్నీ అడుగుతారు.

కామాక్షి బస్సెక్కి మా ఊరొచ్చింది. టీ బడ్డీ దగ్గర అంజిబాబుతో సహా అందరం ఉన్నాం.

"నేను షేకుగారి బెంజికారు డ్రైవర్నండి. వేరేవాళ్ళ పన్లు నాకేం తెలుస్తాయి?" అన్నాడు మోషే.

టక్! బెంచీ మీద కూర్చున్న మేమందరం ఒక్కసారి లేచాం.

"మీ పని నేనడగలేదండి. అంజిబాబుగారి డబ్బు తెచ్చి వాళ్ళమ్మగారి చేతిలో పెట్టేరా?"

"పెట్టేనండి."

"అది ఏ పని చేసిన డబ్బు?"

మోషే తలొంచుకున్నాడు. అప్పుడే అంజిబాబు వాళ్ళమ్మ అచ్చాయమ్మ గిన్నె పట్టుకుని పాలకోసం వచ్చింది. అంజిబాబు మొహం తెల్లబోయింది.

"నేను చెప్తానమ్మా," అంది అచ్చాయమ్మ. "పోయినేడు నాకు జొరమొచ్చి లేవలేకపోతే వీడే నా పక్క మార్చేడు. నన్ను ఇటు తిప్పి, అటు తిప్పి, కాస్త కూడా నొప్పి తెలీకుండా దుప్పటి లాగేసేడు. మగపిల్లాడికి ఆ పని ఎవరు నేర్పుతారు? అక్కడ ఏ పెద్దప్రాణాన్నో చూసుకున్నాడని ఆ రోజే తెలిసిపోయింది."

"మరి అడగలేదేంటమ్మా?" అన్నాడు అంజిబాబు.

"ఆయిల్ కంపెనీ అని అంత సంబరంగా చెప్తుంటే ఎలా అడగనురా? చిన్నబుచ్చుకుంటావని ఊరుకున్నాను."

ఆ మాటకి వీరలక్ష్మి పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా చూసుకోలేదు. మోషే భుజం మీద తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"రాసుకోండి మేడం," అన్నాడు. "కోర్టుకి నేనూ వస్తాను."

రాజమండ్రికి వ్యాను కట్టించుకుని వెళ్ళాం. డ్రైవరు ఎంత తోలాడంటే, మా వ్యాను రావులపాలెం వంతెన దాటాక దాని నీడ వెనకాల వచ్చి కలిసింది.

అప్పీలు ఆఫీసరుగారు కాగితాలు తిరగేశారు. కామాక్షి వీసా చూపించింది, మోషేవీ, డబ్బు తెచ్చిన మరో ఇద్దరివీ అఫిడవిట్లు చూపించింది, ఏ తోటా ఏ లారీ అంజిబాబు పేరున లేవని సర్టిఫికెట్లు చూపించింది. ఆయన కళ్ళజోడు పైనుంచి మోషేని చూశారు.

"అప్పుడు మీరే తోట, లారీ అన్నారు. ఇప్పుడు మీరే ఇంట్లో పనివాడంటున్నారు. అప్పటి మాట అబద్ధమైతే ఇప్పటి మాట ఎందుకు నమ్మాలి?"

కామాక్షి నోరు తెరిచేలోపు మోషేయే అందుకున్నాడు.

"సార్, మనిషి గొప్పకి అబద్ధం చెప్తాడండి. చిన్నబోడానికి ఎవడైనా చెప్తాడాండి? నేను బెంజికారు డ్రైవర్నని మా ఊళ్ళో చెప్పుకున్నాను. ఎడార్లో మేకలు కాసేనండి. మా ఆవిడక్కూడా చెప్పలేదు. ఇవాళ మీ ముందు చెప్తున్నాను. ఆ ముసలాయన్ని అంజిబాబు చంటిపిల్లాణ్ణి మోసినట్టు మోయడం నా కళ్ళతో చూసేనండి. ఆ జీతం నేనే మోసుకొచ్చేను."

గుమ్మం దగ్గర నుంచి మోషే భార్య దానమ్మ గొంతు వినిపించింది. "మేకలా? మరి కారు ముందు నిలబడి దిగిన ఫోటో?"

"ఆ కారెవరిదో నాకూ తెల్దే!" అన్నాడు మోషే వెనక్కి తిరిగి.

ఆఫీసరుగారు మొహం మీద ఫైలు అడ్డం పెట్టుకున్నారు. ఫైలు ఊగుతోంది.

"పదెకరాల తోట ఎవరు చెప్పారు?"

"నేనేనండి," అంది వీరలక్ష్మి. "పెళ్ళి వాకబనుకున్నానండి. మీ అబ్బాయి గురించి ఎవరైనా మా ఊరొచ్చి అడిగినా అలాగే చెప్తానండి. ఇరవై ఎకరాలైనా చెప్తాను."

"వద్దమ్మా," అన్నారాయన. "నాకూ నోటీసిస్తారు."

కొన్ని వారాలకి ఆర్డరు వచ్చింది. ఇల్లు కట్టింది జీతం డబ్బుతోనే అని ఒప్పుకున్నారు. వేసిన పన్నూ పెనాల్టీ కొట్టేశారు. తోటా లారీలూ గాల్లో కలిసిపోయాయి. రెండో లారీ పోయినందుకు నాకు మాత్రం కాస్త బెంగగానే ఉంది.

ఆ వేళ అంజిబాబు అమలాపురం వెళ్ళాడు. అప్పటికి ప్లీడరుగారిని చూసుకునే పని అతనిదే. అడిగి మరీ పెట్టుకున్నారు. జీతం నెలనెలా రసీదు మీద సంతకం పెట్టించుకుని ఇస్తోంది కామాక్షి.

"ఒక నిజముందన్నాను గదండీ," అన్నాడు గుమ్మంలో నిలబడి. సెంటు లేదు, కళ్ళద్దాల్లేవు.

"చెప్పండి."

"మీరంటే నాకు ఇష్టమండి."

కామాక్షి చేతిలోనే ఉంది మిషను. అంజిబాబు దాని వంకే చూస్తున్నాడు. ఫ్యాను తిరుగుతోంది. కింద రిక్షా బెల్లు మోగింది. మిషను మాత్రం మోగలేదు.

"మా నాన్నగారు వాకబుకి మీ ఊరొస్తారు," అంది కామాక్షి కాగితాల్లోకి చూస్తూ. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"వాకబా?" అన్నాడు అంజిబాబు. ఆయన ఎప్పుడొస్తారో అడగడం కూడా మర్చిపోయి బస్సెక్కేశాడు.

ఆయన మర్నాడే వచ్చేశారు. ఉతికిన చొక్కా, చేతిసంచీ, గొడుగు. టీ బడ్డీ దగ్గర కూర్చుని, "ఇక్కడ అంజిబాబని... ఏమాత్రం ఉందండీ?" అనడిగారు.

మేం ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకున్నాం. మళ్ళీ వచ్చాడ్రా ఇన్‌స్పెక్టరు!

"అంజిబాబాండి? పాపం, ఏమీ లేదండి," అంది వీరలక్ష్మి.

సంచీలోంచి ఏదో టక్‌మంది. గొడుగు పుల్ల విరిగిందేమో అనుకున్నాం.

"ఆ మేడ?"

"దూరం నుంచి అలా కనపడుద్దండి," అన్నాడు మోషే. "వానొస్తే లోపల గొడుగులేసుకుంటారు. బయటే నయమండి."

టక్!

"రెండు పూటలా తింటే పండగేనండి," అన్నాను నేను.

టక్!

"ఆరోగ్యం ఎలా ఉంటుందండీ?"

"అస్సలు బాగోదండి. ఇవాళో రేపో అన్నట్టున్నాడు," అంది వీరలక్ష్మి కళ్ళొత్తుకుంటూ.

టక్‌టక్‌టక్!

అప్పుడు అమలాపురం బస్సుకి బయల్దేరిన అంజిబాబు మమ్మల్ని చూశాడు, ఆయన్ని చూశాడు, సంచీలో చప్పుడు విన్నాడు. పరిగెత్తుకొచ్చాడు.

"ఒరేయ్, ఆపండ్రా బాబూ! ఆయన కామాక్షిగారి నాన్నగారు, త్రిమూర్తులుగారు!"

వీరలక్ష్మి చేతిలో గ్లాసు జారిపోయింది. నేను బెంచీ కింద దూరడానికి చూశాను. అక్కడ అప్పటికే మోషే ఉన్నాడు.

త్రిమూర్తులుగారు సంచీలోంచి మిషను తీసి తువ్వాలుతో తుడిచారు. "మీ ఊరివాళ్ళ దెబ్బకి దీని పళ్ళు అరిగిపోయాయి బాబూ. నువ్వు చెప్పు. నీకేముంది?"

అంజిబాబు ఒకసారి మా వంక చూశాడు.

"ఒక ఇల్లుందండి. అమ్ముంది. పడిపోయిన మనిషిని నొప్పి లేకుండా లేపడం వచ్చండి. నవ్వించడం కూడా కొంచెం వచ్చు. అంతేనండి."

పెద్దాయన అతని కళ్ళల్లోకి చూశారు. బస్సులో చివరి సీటు దాకా చూసే చూపు అది. వేళ్ళు మిషను మీదే ఉన్నాయి. కదల్లేదు.

"పెళ్ళయ్యాక ఈ మిషను నీకిచ్చేస్తాను," అన్నారు చివరికి. "నీకే ఎక్కువ అవసరం."

"నాకెందుకండి?"

ఇంతలో రోడ్డు మలుపవతల బస్టాపు నుంచి కామాక్షి గొడుగు వేసుకుని గబగబా వచ్చింది. చిన్న వాన మొదలైంది. "ఐదు నిమిషాలన్నారు నాన్నగారూ! గంట నుంచి అక్కడ నిలబెట్టేసేరు."

"ఏమ్మా, కోపం వచ్చిందా?"

కామాక్షి అంజిబాబు వంక చూసింది, చూపు తిప్పుకుంది.

"నాకేం కోపం లేదు," అంది.

త్రిమూర్తులుగారు మిషను అంజిబాబు చేతిలో పెట్టారు.

టక్!